మొనాకా మోకాలికి బీమా

ఇంట్లో మనిషికి బీమా లేకపోయినా కొంపలేమీ మునగవు. కుక్కకు మాత్రం ఉండి తీరాలి!

నవ్వకండి. బాగా ఆలోచించి అంటున్న మాట ఇది. మనిషికి ఒంట్లో బాగాలేకపోతే ఏం చేస్తాడు? "ఏం లేదు, ఏం లేదు" అంటాడు. అంటూ అంటూనే మంచం పడతాడు. కుక్కకు ఆ అబద్ధం చేతకాదు. నొప్పెడితే కుయ్యోమంటుంది, మరుక్షణం దాన్ని కారెక్కిస్తారు. అంచేత ఆరోగ్యమంటే కుక్కదే ఆరోగ్యం, బీమా అంటే కుక్క బీమాయే. (ఒక్క క్షణం, దగ్గొచ్చింది. ఈ మధ్య కాస్త పట్టుకుంది. ఏం లేదు.)

"కుక్కలకు కూడా బీమా ఏమిటి, విడ్డూరం కాకపోతే!" అని ముక్కున వేలేసుకునే పెద్దమనుషులు మన టొయొహాషి ఊళ్ళో ఇంకా మిగిలే ఉన్నారు. ట్రాము మొత్తం ఖాళీగా ఉన్నా సరిగ్గా నా పక్కకే వచ్చి కూర్చుంటారు. వాళ్ళ కళ్ళు తెరిపించడం నా బాధ్యత. అందుకు సాక్షిగా మా పక్కింటి ఇనగాకి షిగెహారును ప్రవేశపెడుతున్నాను. ఆయన ఇంటి సంగతులు నాకెలా తెలుసంటారా? మా రెండిళ్ళకూ మధ్య ఉన్నది అట్టముక్కలాంటి గోడ. ఆపైన ఆదివారాలు నాతో గో రాళ్ళాట ఆడి ఓడిపోతుంటాడు. ఓడిపోయే మనిషి ఏ కబురూ దాచుకోడు.

షిగెహారు ఉద్యోగమంతా చికువా కంపెనీలో గడిచింది. చేపముద్దను కడ్డీకి చుట్టి కాల్చి, కడ్డీ లాగేస్తే మిగిలే గొట్టమే కదా చికువా! ఆ గొట్టంలోంచి అవతలి వెలుగు సరిగ్గా కనబడుతోందా లేదా అని ఒంటికన్నుతో చూసి పంపడం ఆయన పని. అన్నేళ్ళు చిల్లులోంచి లోకాన్ని చూసిన మనిషికి రిటైరయ్యాక చూడటానికేమీ మిగల్లేదు. అప్పుడు ఆ ఇంట్లోకి మొనాకా వచ్చింది.

మొనాకా షిబా జాతి కుక్క. దోరగా కాల్చిన రొట్టె రంగు ఒళ్ళు, నిక్కబొడిచిన చెవులు, వీపు మీద చుట్టచుట్టి పెట్టిన తోక. మా వీధిలో ఇల్లు విడిచి ఇల్లు షిబాయే.

షిబాను పెంచడం కష్టమని గిట్టనివాళ్ళు అంటారు. ఏం కష్టం? ఏడాదికి రెండుసార్లు బొచ్చు రాలుస్తుంది. దువ్వి పోగేస్తే ఇంకో కుక్క తయారవుతుంది, అదీ ఉచితంగా! గోళ్ళు కత్తిరిద్దామని పాదం పట్టుకుంటే హత్య జరుగుతున్నట్టు కేకలు పెడుతుంది. దాంతో వీధి వీధంతా బయటికొచ్చి ఒకరి క్షేమం ఒకరు కనుక్కుంటారు. వేరే ఏ కారణానికైనా మన వీధుల్లో అంతమంది బయటికొస్తారా? నడుస్తూ నడుస్తూ నడివీధిలో కూలబడుతుంది. లాగితే మెడపట్టీలోంచి బుగ్గలు పొంగుకొస్తాయి గానీ కాలు కదలదు. రిటైరైన మనిషికి తొందరేమిటని బోధించే గురువు అది!

బయటినుంచి రాగానే గుమ్మంలో దాని నాలుగు పాదాలూ తడిగుడ్డతో తుడవాలి. పళ్ళు కోడిమాంసం రుచిగల పేస్టుతో తోమాలి. తిండి పడకపోతే చర్మం దురద పెడుతుంది గనక, షిగెహారు భార్య ఫుమియే దాని ప్యాకెట్టు మీద అక్షరం అక్షరం చదివి మరీ వడ్డిస్తుంది. షిగెహారు గిన్నెలో ఏముందో షిగెహారే గరిటెతో కెలికి కనుక్కోవాలి.

అయితే ఇవన్నీ పైపై సంగతులు. మొనాకా అసలు ఉద్యోగం వేరు. ఆ ఇంట్లో అది దుబాసీ.

ఫుమియే, షిగెహారు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. పోట్లాటా? ఛ, పోట్లాడుకోవాలన్నా ముందు మాట్లాడుకోవాలి కదా! కూతురు ఇంట్లో ఉన్నంతకాలం "నాన్నతో చెప్పు", "అమ్మనడుగు" అంటూ నెట్టుకొచ్చారు. ఆ పిల్ల ఉద్యోగానికి నగోయా వెళ్ళిపోవడంతో పోస్టు ఖాళీ అయింది. ఇంటర్వ్యూ కూడా లేకుండా మొనాకాను వేసుకున్నారు.

"మొనాకా, స్నానానికి నీళ్ళు నిండాయని నాన్నగారితో చెప్పు."

"మొనాకా, వస్తున్నానని అమ్మతో చెప్పు."

"మొనాకా, నిన్న కూడా నాన్నగారు ఇలాగే అన్నారు. నీళ్ళు చల్లారి ఊరుకున్నాయి."

"మొనాకా, చల్లారిన నీళ్ళే ఒంటికి మంచివట, అమ్మతో చెప్పు."

మొనాకా ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు చెవులు తిప్పి, ఆవలించి, పడుకుంటుంది. ఇంత నమ్మకమైన రాయబారి ఏ ప్రభుత్వానికైనా దొరికాడా? ఒక్క మాట చేర్చదు, ఒక్క మాట మింగదు!

ఇప్పుడు చెప్పండి. అలాంటి రాయబారికి జబ్బు చేస్తే ఆ ఇంట్లో నీళ్ళు నిండిన సంగతి ఎవరికి తెలియాలి? అన్నం ఉడికిన సంగతి ఎవరు చెప్పాలి? అందుకే బీమా!

షిగెహారు తన సొంత జీవిత బీమా చేయించుకున్నది, ఫ్యాక్టరీకి వచ్చిన ఏజెంటమ్మ చేతిలో గుప్పెడు చాక్లెట్లు పోసిందనే మొహమాటంతో. అందులో ఏం రాసుందో ఈనాటికీ ఎరగడు. మొనాకా పాలసీ దగ్గర మాత్రం ఏజెంటుకు ముచ్చెమటలు పట్టించాడు.

"చర్మం దురదకి ఇస్తారా?"

"ఇస్తామండీ."

"సాక్సు మింగితే?"

"ఇస్తామండీ. రోజూ మింగితే మాత్రం మా వాళ్ళు కాస్త ఆలోచిస్తారండీ."

"మోకాలి చిప్ప పక్కకి జరిగితే?"

"అది విడిగా చేర్పించుకోవాలండీ. ఈ జాతికి మోకాళ్ళతోనే కదండీ పేచీ."

"అయితే చేర్చెయ్! నాలుగూ చేర్చెయ్!"

"మోకాళ్ళు వెనక కాళ్ళకే ఉంటాయండీ. రెండే."

"సరే, ఆ రెండూ!"

అలా మొనాకా మోకాళ్ళు భద్రమయ్యాయి. దాని ఫోటోతో ఒక కార్డు కూడా పోస్టులో వచ్చింది. కొద్దిగా తల వంచి, నాలుక ఇంత బయటపెట్టి, దివ్యంగా పడింది. కంపెనీ ఐడీ కార్డులో షిగెహారు ఏనాడూ అంత బాగా పడలేదు. పర్సులో తన హెల్త్ కార్డును వెనక్కి నెట్టి దీన్ని ముందు పెట్టుకున్నాడు.

అసలు విషయం ఇక్కడే చెప్పేస్తాను, కడుపులో దాచుకోవడం నాకు రాదు. వానాకాలం నుంచి షిగెహారు కుడి మోకాలు నొప్పి. మెట్లెక్కుతుంటే లోపల ఎవరో వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టు చప్పుడు. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? ఆ ఇంట్లో ఆయనకు మిగిలిన హోదా ఒక్కటే: మొనాకాను నడిపించే తాడు ఆయన చేతిలో ఉంటుంది. రెండుపూటలా వీధిలోకి వెళ్తే నలుగురూ "మొనాకా వాళ్ళ నాన్నగారూ!" అని పలకరిస్తారు. నొప్పి అన్నాడా, తాడు ఫుమియే చేతికి వెళ్ళిపోతుంది. ఆ తరవాత ఆయన ఎవరి నాన్నగారు?

అందుకని పళ్ళు బిగబట్టి నడిచాడు. నొప్పి భరించలేనప్పుడు ట్రాము స్టాపు బెంచీ మీద కూలబడి, దారినపోయేవాళ్ళకు కుక్కను చూపించేవాడు.

"చూశారా, కదలనంటోంది. షిబా మొండితనం! ఏం చేస్తాం?"

మొనాకా ఆయన పాదాల దగ్గర కూర్చుని ఆ నింద కూడా మోసేది. ఏ మనిషి మోస్తాడు చెప్పండి, ఇంకొకడి మోకాలి నింద?

ఫుమియేకి కళ్ళు లేవా? ఉన్నాయి. భోజనాల దగ్గర మొదలుపెట్టింది.

"ఏమే మొనాకా, మోకాలు నొప్పిగా ఉందా? దాచుకుంటే తగ్గుతుందా?"

మర్నాడు మళ్ళీ.

"మొనాకా, మెట్ల దగ్గర ఆ మూలుగేంటి? ఓసారి డాక్టరుకి చూపిస్తే పోలా? ఇంత మొండితనం ఎవరి దగ్గర నేర్చుకున్నావే?"

షిగెహారు చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి. మొనాకాకు మోకాలు నొప్పా! రెండుపూటలా తన పక్కనే నడిచే కుక్క, దాని బాధ తన కంటపడలేదా? చికువాలో ఆవగింజంత వంకర కనిపెట్టిన కళ్ళకు ఏం రోగమొచ్చింది? ఆ పూట అన్నం సహించలేదు. తెల్లారగానే కార్డు జేబులో పెట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు.

"మొనాకా, డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని అమ్మతో చెప్పు. మోకాలు చూపించడానికి."

వంటింట్లో ఫుమియే గరిటె పక్కన పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఇన్నాళ్ళకు బుద్ధి పుట్టింది మనిషికి! శుభకార్యాలకు వండే ఎర్రచిక్కుడు గింజల అన్నానికి గింజలు పొయ్యి మీద పెట్టింది.

పశువుల ఆస్పత్రిలో "ఇనగాకి మొనాకా గారూ!" అని మర్యాదగా పిలిచారు. డాక్టర్ త్సుగె చిన్న వయసు మనిషి, చురుకైనది. మొనాకాను బల్ల మీద నిలబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నిద్ర సరిగ్గా పడుతోందాండీ?"

"ఎక్కడండీ! పడుకుని కాలు మడిస్తే చాలు, మెలకువ వచ్చేస్తోంది."

"మెట్లెక్కడం కష్టంగా ఉందా?"

"ఎక్కడం కంటే దిగడం నరకమండీ. రెయిలింగు పట్టుకోవాల్సిందే."

"రెయిలింగా?"

"అంటే... పట్టుకోవాలనిపిస్తుంది కదండీ, పాపం, దానికి."

"వాన పడితే ఎక్కువవుతోందా?"

"ముందురోజే తెలిసిపోతుందండీ! టీవీలో చెప్పక్కర్లేదు."

డాక్టరమ్మ కలం ఆపి ఆయన వంక చూసింది. "కుక్క బాధ ఇంత దగ్గరగా గమనించినవాళ్ళని నేనింతవరకూ చూడలేదండీ."

"పెంచుకున్నవాళ్ళకి తెలియదాండీ!" అన్నాడు షిగెహారు కళ్ళు తుడుచుకుంటూ.

పాఠకులారా, ఒక్క మాట అడుగుతాను. షిగెహారును అంత శ్రద్ధగా, అన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరైనా ఉన్నారా? ఉన్నా, ఆయన ఒక్కదానికైనా నిజం చెప్పాడా? కుక్క బీమా చేసిన మేలు చూశారా! (మళ్ళీ దగ్గు. మన్నించండి. మా ఆవిడ వంటింట్లో రైస్ కుక్కర్‌తో ఏదో అంటోంది. మీరు పట్టించుకోకండి.)

మత్తిచ్చి ఎక్స్‌రే తియ్యాలి, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి అన్నారు. షిగెహారు ఉత్త తాడు చేత్తో పట్టుకొని ఇంటికొచ్చాడు. దారిలో బెంచీ మీద కూర్చున్నాడు గానీ, నింద వేయడానికి ఎవరూ లేక వెంటనే లేచాడు.

ఆ మధ్యాహ్నం భోజనం సంగతి ఏం చెప్పమంటారు! బల్లకు ఇటు ఈయన, అటు ఆవిడ, నడుమ ఎర్రచిక్కుడు అన్నం ఆవిర్లు కక్కుతోంది. మూలన మొనాకా పరుపు ఖాళీ. కుక్క ఏదని అడగబోయి ఫుమియే నోరు తెరిచింది, పరుపు వంక చూసింది, నోరు మూసుకుంది. షిగెహారుకు సోయా సాస్ కావాలి. సీసా ఆవిడ పక్కనుంది. అడగడమెలా? దానంతట అదే నడిచొస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. పరాయి దేశాల మంత్రులైనా అంత ఇరుకున పడి ఉండరు.

చివరికి ఫుమియే చెయ్యి చాచి, బల్ల మీదున్న ఆయన పర్సులోంచి బీమా కార్డు లాగింది. మొనాకా ఫోటో కనబడేలా సోయా సాస్ సీసాకు ఆనించి నిలబెట్టింది. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

"మొనాకా, మోకాలి గురించి డాక్టరుగారు ఏమన్నారో నాన్నగారిని అడుగు."

"మొనాకా, ఎక్స్‌రే తీసి సాయంత్రం చెబుతారట, అమ్మతో చెప్పు."

"మరి ఇంటికి ఎందుకొచ్చారో అడుగు. అక్కడే ఉండొచ్చుగా?"

"నేనుండి ఏం చేస్తాను? మత్తిచ్చారు. ఈపాటికి హాయిగా నిద్రపోతూ ఉంటుంది."

"ఎవరు?"

"ఎవరేంటి, మొనాకా!"

ఫుమియే చేతిలో గిన్నె బల్ల మీద దబ్బున పడింది. ఆవిడ లేచి నిలబడింది. ఈ గోడ ఇవతల టీ తాగుతున్న నేను కప్పు దించి చెవి అటు పెట్టాను.

"మీ మోకాలండీ! మీ మోకాలు! కుక్కది కాదు!"

షిగెహారు గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. తన వెనకాల ఎవరున్నారా అని!

"అటేం చూస్తున్నారు? మిమ్మల్నే! కుక్క రెయిలింగు పట్టుకుని మెట్లు దిగుతుందా? కుక్క బల్ల దగ్గర్నుంచి లేస్తూ 'అమ్మయ్యో' అంటుందా? ఎంతకాలం నుంచి అడుగుతున్నాను!"

షిగెహారు కార్డు వైపు జరిగాడు. "మొనాకా, నాకేం లేదని అమ్మతో..."

ఫుమియే కార్డు తీసి బల్ల మీద బోర్లా పడేసింది.

"దాంతో కాదు. నాతో చెప్పండి."

షిగెహారు బోర్లా పడ్డ కార్డును చూశాడు, ఖాళీ పరుపును చూశాడు, చివరికి ఆవిడను చూశాడు. మొనాకా లేకుండా ఆ ఇంట్లో ఒక మాట బల్ల దాటడానికి అంతసేపు పట్టింది.

"నొప్పిగానే ఉంది," అన్నాడు. "బాగానే ఉంది నొప్పి."

"మరి చెప్పడానికేం?"

"చెబితే తాడు నువ్వు తీసుకుంటావు."

ఫుమియే కోపం సగంలో ఎటో పోయింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి కుంటినది ఆ తాడు ముక్క కోసమా! ఆవిడకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి రావడంతో ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"ఆ తాడు నాకెందుకండీ? అది లాగే లాగుడికి నా భుజం ఊడొస్తుంది! నాకు మాట్లాడటానికి కుక్క ఉంటే చాలు. అంటే... మీరుంటే."

షిగెహారు తల దించుకొని, చల్లారిన ఎర్రచిక్కుడు అన్నం మొత్తం తినేశాడు. సోయా సాస్ కావాలని నోటితో అడిగాడు కూడా.

సాయంత్రం ఇద్దరూ కలిసి వెళ్ళారు. డాక్టర్ త్సుగె ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూపించింది. చిప్పలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. షిగెహారు అలవాటు కొద్దీ ఒక కన్ను మూసి చూసి, పాస్ చేశాడు. ఎందుకైనా మంచిదని డాక్టరమ్మ మనిషినీ కుక్కనూ వసారాలో ఆ చివరిదాకా నడిపించింది.

"మీ కుక్క అడుగడుగునా మీ మొహం చూస్తోంది, చూశారా? మీరు ఆగితే ఆగుతోంది. మొండితనం కాదండీ, మీకోసం నెమ్మదిగా నడుస్తోంది. మీ మోకాలు మాత్రం వెంటనే చూపించుకోండి. నేను చూద్దామంటే నా లైసెన్సు నాలుగు కాళ్ళవాళ్ళకే."

షిగెహారు అక్కడే కింద కూర్చుని మొనాకాను కౌగిలించుకున్నాడు. కౌగిలింతలంటే షిబాకు పరమ అసహ్యం. అది కూడా ఆ పూటకు ఓర్చుకుంది. లేవడానికి మాత్రం ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆయన మోకాలికి మనుషుల డాక్టరు వైద్యం చేస్తున్నాడు. తాడు షిగెహారు చేతిలోనే ఉంది, పక్కన నీళ్ళ సీసా, సంచీ పట్టుకొని ఫుమియే నడుస్తోంది. నేరుగా మాట్లాడుకుంటున్నారు. దాని ఫలితంగా రోజూ పోట్లాడుకుంటున్నారు, నాకు గోడలోంచి శుభ్రంగా వినబడుతోంది. ఉద్యోగం పోయిన మొనాకా బోర్లా పడుకొని గురకపెడుతోంది.

చూశారా మరి! జబ్బే లేని కుక్క మోకాలి ఎక్స్‌రేకు కంపెనీ నూటికి డెబ్బై వంతులు చెల్లించింది, దాంతో మనిషి మోకాలు బాగుపడుతోంది. మనుషుల బీమాల్లో ఒక్కటి చూపించండి, ఇంత పనిచేసేది! ఇంట్లో మనిషిని మనిషి అడగని ఆ ఒక్క ప్రశ్న, అడిగినా వినిపించుకోని ఆ ఒక్క ప్రశ్న, దానికి పాలసీ అమ్మే కంపెనీ ఇంకా పుట్టలేదు. పుట్టేదాకా కుక్కను పెంచుకోండి, బీమా కట్టండి. ఎదుటిమనిషి మాట చెవికెక్కని షిగెహారు లాంటి వాళ్ళను తలుచుకుంటే నాకు జాలేస్తుంది.

మా ఇంట్లో ఆ గొడవ లేదు. మాకు కుక్క లేదు. మా ఆవిడ ఏదైనా ఉంటే రైస్ కుక్కర్‌తో చెప్పుకుంటుంది. ఇదిగో, ఇప్పుడు కూడా దాని ముందు నిలబడి అంటోంది.

"ఏమయ్యా, ఈ దగ్గేంటి? పగలూ రాత్రీ అదే పని. ఛాతీ ఓసారి డాక్టరుకి చూపించుకుంటే పోలా? నాకు భయంగా ఉంది."

రైస్ కుక్కర్‌కు దగ్గా! నేనెప్పుడూ గమనించనేలేదు. మూత దగ్గర ఆవిరి సరిగ్గా పోవడం లేదు కాబోలు. దాని గ్యారంటీ కార్డు సొరుగులోనే ఉండాలి. ఆవిడ అంత బెంగపడుతుంటే ఊరుకోవడం భావ్యం కాదు. రేపు పొద్దున్నే షాపుకి పట్టుకెళ్తాను.